నిలబడే సంచీ

అమెరికాలో కిరాణా దుకాణానికి వెళ్ళినవాళ్ళందరి కంటా పడేదే గానీ, ఎవరూ చూపు నిలిపి చూడని చోటు ఒకటుంది. సరుకులు కదిలే నల్లని పట్టీ మీద ప్రయాణం చేసి, గల్లా దగ్గరి మనిషి చేతిలో ఒక్కొక్కటీ ‘బీప్’మని మోగి, ఆవలికి జారిన తరవాత చేరుకునే చోటు అది. బల్ల అక్కడికి వచ్చేసరికి ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఆ దిగుడులో ఒక అర, అర మీద ఒక చట్రం, పక్కనే నిలువుగా పేర్చిన మడత సంచులు. అప్పటికి మన దృష్టి జేబులోని కార్డు మీదో, మొత్తం ఎంతయిందో చూపే తెర మీదో ఉంటుంది గనక ఆ మెట్టును గమనించం. దానికి తెలుగులో పేరున్నట్టు నేను వినలేదు. ఈ వ్యాసం వరకూ దాన్ని ‘సర్దుడు బల్ల’ అంటాను. ఇంతకంటే మంచి మాట మీకు తోస్తే సంతోషంగా పుచ్చుకుంటాను.

ఇంత చిన్న విషయం మీద ఇంత ఆసక్తి ఎందుకని మీరు అడగవచ్చు. కారణాలు రెండు. మా నాన్నగారు తెనాలిలో ముప్పయ్యేళ్ళకు పైగా కిరాణా కొట్టు నడిపారు. మా అమ్మాయి పదహారో ఏట కాలిఫోర్నియాలో ఒక దుకాణంలో సంచులు సర్దే ఉద్యోగం చేసింది. వాళ్ళిద్దరికీ మధ్య తరం వాణ్ణి నేను. నాకు పొట్లం కట్టడమూ రాదు, సంచీ సర్దడమూ రాదు. కూర్చుని చేసే ఉద్యోగం నాది. కాబట్టి నేను చెప్పేదంతా పక్కన నిలబడి చూసినవాడి మాటగానే తీసుకోండి.

ముందుగా ఆ మెట్టు సంగతి. ఇక్కడి దుకాణాల్లో వాడే మామూలు గోధుమరంగు కాగితపు సంచీ అడుగు 12 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు. ఎత్తు 17 అంగుళాలు. వ్యాపారుల భాషలో దీని పేరు ‘ఆరో వంతు పీపా’. సరుకు పీపాల్లో వచ్చిన కాలపు కొలత, పీపాలు పోయాక కూడా పేరులో మిగిలిపోయింది. గల్లా బల్ల నేల నుంచి 36 అంగుళాల ఎత్తున ఉందనుకుందాం. దాని మీదే ఈ సంచీని నిలబెడితే మూతి 53 అంగుళాల ఎత్తుకు చేరుతుంది. అప్పుడు ప్రతి డబ్బానూ, ప్రతి సీసానూ దాదాపు భుజం దాకా ఎత్తి లోపలికి దించాలి. పగలల్లా ఆ పని చేసేవారి భుజం ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుకని బల్లను ఆ చోట సంచీ ఎత్తున కిందికి దించారు. ఇప్పుడు సంచీ మూతి, సరుకు వచ్చే పట్టీ ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటాయి. ఎత్తడం పోయింది, జరపడం, దించడం మిగిలాయి. పనిచేసేవారి క్షేమాన్ని చూసే ప్రభుత్వ సంస్థ ఓషా కిరాణా దుకాణాల కోసం 2004లో వెలువరించిన సూచనల్లోనూ ఈ ధోరణే కనపడుతుంది: సంచీ మూతి పట్టీ మట్టానికి కాస్త దిగువన ఉండాలి, సంచీని నిలబెట్టే పీట ఎత్తు మార్చుకునే వీలుండాలి, పిడి ఉన్న సంచులు వాడాలి.

ఈ అమరికంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. సంచీ తనంతట తాను నిలబడాలి. మనకు అది సహజంగా తోస్తుంది గానీ, ఒకప్పుడు కాగితపు సంచులకు ఆ గుణం లేదు. పెన్సిల్వేనియాకు చెందిన ఫ్రాన్సిస్ వోల్ 1852లో సంచులు చేసే యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ సంచులు ఉత్తరాల కవర్ల వంటివి. అడుగు బల్లపరుపుగా ఉండదు కాబట్టి ఒక చేత్తో మూతి తెరిచి పట్టుకుని రెండో చేత్తో నింపాలి. లేదా పట్టుకోవడానికి ఒకరు, నింపడానికి ఒకరు కావాలి.

అడుగు బల్లపరుపుగా ఉండే సంచీని యంత్రం మీద తయారుచేయడం సాధ్యం చేసినది మార్గరెట్ నైట్ అనే ఆవిడ. 1838లో పుట్టింది. చిన్నతనంలోనే నూలు మిల్లులో పనికి కుదిరింది. 1860ల చివర మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక కాగితపు సంచుల కర్మాగారంలో పనిచేస్తూ, కాగితాన్ని తానే మడిచి, కత్తిరించి, జిగురు పూసి చదరపు అడుగు తయారుచేసే యంత్రాన్ని ఊహించింది. ముందు చెక్కతో నమూనా చేసింది. ఇనుప నమూనా బాస్టన్‌లో తయారవుతుండగా అక్కడ దాన్ని చూసిన చార్లెస్ అన్నన్ అనే అతను తన పేరిట పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఆవిడ ఊరుకోలేదు. తాను గీసిన బొమ్మలూ, రాసుకున్న కాగితాలూ, సాక్షులూ వెంటపెట్టుకుని వెళ్ళి వాదించి నెగ్గింది. 1871లో పేటెంటు ఆవిడ చేతికే వచ్చింది. 1883లో చార్లెస్ స్టిల్‌వెల్ పక్కలకు మడతలు చేర్చాడు. దానితో సంచీ పలకలా మడుచుకుంటుంది, మణికట్టు ఒక్కసారి విదిలిస్తే గాలి నింపుకుని పెట్టెలా తెరుచుకుంటుంది, కింద పెడితే నిలబడుతుంది. ఈనాటికీ ఆ సంచీ స్వరూపం పెద్దగా మారలేదు.

పిడి కథ వేరు. మినెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ పట్టణంలో వాల్టర్ డ్యూబెనర్ అనే కిరాణా వర్తకుడు, జనం తమ చేతుల్లో పట్టినన్ని సరుకులే కొంటున్నారని కనిపెట్టి, 1912లో కాగితపు సంచీకి తాడు చుట్టి పిడిగా అమర్చాడు. అవసరం నుంచి కాక అమ్మకం నుంచి పుట్టిన ఆలోచన అది. ఈ సంగతి చెప్పినప్పుడు మా నాన్నగారు వెంటనే గ్రహించారు. “మరే! సంచీ తెచ్చుకోనివాడు పావుకిలోతో పోతాడు. సంచీ తెచ్చినవాడు చీపురుతో సహా కొంటాడు” అన్నారు.

ఇక నాన్నగారి కొట్టు గురించి చెప్పాలి. అక్కడ సర్దుడు బల్ల లేదు. బల్లకు బదులు త్రాసు ముందు జానెడు జాగా, కప్పు నుంచి వేలాడే పురికొస ఉండ, గోడ మేకుకు గుచ్చిన పాత పత్రికల బొత్తి, ఇంతే సరంజామా. పత్రికలో నాలుగో వంతు చింపి, గరాటులా చుట్టి, తూచిన పప్పు అందులోకి వంచి, మూతి మడిచి, పురికొసను అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు తిప్పి, ముడి వేసి, వేలికి చుట్టి పుటుక్కున తెంపేవారు. కత్తెర వాడగా నేను చూడలేదు. కిలో, అర్ధకిలో సరుకులకు మాత్రం పేటలో ఇళ్ళలో కూర్చుని మైదా జిగురుతో అంటించి తెచ్చే కాగితం సంచులు ఉండేవి. వాటిని వందల లెక్కన కొనేవారు. పల్లెల నుంచి నెల సరుకులకు వచ్చేవాళ్ళు గుడ్డ సంచులూ, గోతాలూ తెచ్చుకునేవారు. గుడ్డ సంచీ నిలబడదు. అందుకని సాయంత్రం రద్దీవేళ వంట ముగించుకుని మా అమ్మ కొట్లోకి వచ్చేది. నాన్నగారు తూచి వంచుతుంటే, సంచీ మూతిని రెండు చేతులా తెరిచి పట్టుకుని నిలబడేది. బియ్యం, కందిపప్పు, బెల్లం, మళ్ళీ ఇంకొకరి సంచీ. కారం వంచేటప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకునేది.

పొట్లం విషయంలో నాన్నగారికి రెండు నియమాలుండేవి. మొదటిది ధడా. పళ్ళెంలో కాగితం వేసి సరుకు తూస్తే కాగితం బరువుకూ కొనేవాడు డబ్బిచ్చినట్టవుతుంది. కాబట్టి రాళ్ళ వైపు పళ్ళెంలోనూ అటువంటి ఖాళీ సంచీనే ఒకటి వేసి, ముల్లు సమానంగా నిలిచాకే తూచేవారు. రెండోది, పొట్లం కట్టేవాడు కొనేవాడి మొహం కాక, విప్పేవాళ్ళ చేతులు తలుచుకోవాలని. “కొనేది మగవాడే కావచ్చు, విప్పేది ఇంట్లో ఆడవాళ్ళు. పంచదారలో కారం తగిలిందనో, టీపొడికి ఇంగువ వాసన పట్టిందనో వాళ్ళు అనుకోకూడదు” అనేవారు.

మళ్ళీ అమెరికాకు వద్దాం. 1916 సెప్టెంబరులో మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచేదాకా ఇక్కడా కొట్టువాడే సరుకు తీసి ఇచ్చేవాడు. సాండర్స్ ఆ పనిని కొనేవారికి అప్పగించాడు. బుట్ట పట్టుకుని అరల మధ్య తిరిగి ఎవరికి కావలసినది వారే తీసుకోవాలి. ఆ తరవాత దేశమంతా ఆ దారినే నడిచింది. వెతకడం, తీయడం, మోయడం కొనేవారివయ్యాయి. అయినా సంచీలో సర్దే పని మాత్రం చాలాకాలం దుకాణంవాళ్ళ చేతుల్లోనే మిగిలింది. పాతకాలపు కొట్టు మర్యాద ఆ ఒక్క మెట్టు మీద ఆగి ఉందన్నమాట. అన్ని దేశాల్లోనూ ఇలా లేదు. జర్మనీ నుంచి వచ్చిన ఆల్డీ దుకాణాల్లో గల్లా మనిషి సరుకును నేరుగా తోపుడుబండిలోకి వేస్తారు. వెనక గోడ పొడవునా ఉన్న బల్ల దగ్గరికి పోయి మనమే సర్దుకోవాలి.

అమెరికా సర్దుడు బల్లను మార్చినది ప్లాస్టిక్. స్వీడన్‌లో సెలోప్లాస్ట్ సంస్థకు చెందిన స్టెన్ గుస్తాఫ్ థూలిన్ రూపొందించిన, బనీను ఆకారపు సంచీకి 1965లో అమెరికా పేటెంటు వచ్చింది. 1982లో సేఫ్‌వే, క్రోగర్ వంటి పెద్ద సంస్థలు ఆ సంచులకు మళ్ళాయి. అది కాగితం కంటే చవక, తేలిక, తడికి చిరగదు. దానికున్న లోపం ఒక్కటే. నిలబడదు. అందుకని ఇనుప చువ్వలతో ఒక చట్రం చేశారు. చట్రానికి రెండు చేతులుంటాయి. సంచీ రెండు చెవులనూ వాటికి తగిలిస్తే మూతి తెరుచుకుని వేలాడుతుంది. నిండిన సంచీని ముందుకు లాగితే దాని వెనక సంచీ తనంతట తానే తెరుచుకుంటుంది. చువ్వల చట్రం చేసిన పని తలుచుకుంటే నాకు మా అమ్మే గుర్తుకొస్తుంది.

అయితే ఆ చట్రం ఇంకో పని కూడా చేసింది. దాన్ని గల్లా మనిషి మోచేతి పక్కనే బిగించవచ్చు. కొన్ని దుకాణాల్లో గుండ్రంగా తిరిగే రాట్నంలా అమర్చి చుట్టూ సంచులు వేలాడదీశారు. సరుకును మోగించిన చెయ్యి అక్కడికక్కడే సంచీలో వేసెయ్యగలదు. కాగితపు సంచీని ఒక పద్ధతిలో పేర్చాలి గనక దానికి వేరే మనిషి, వేరే చోటు కావలసి వచ్చాయి. వేలాడే సంచీలో పేర్చడం కుదరదు, పడెయ్యడమే. పడెయ్యడానికి రెండో మనిషి దేనికి? ఎవరూ ఆజ్ఞ జారీ చెయ్యలేదు. చువ్వల చట్రం వచ్చిన చోటల్లా సర్దే మనిషి అవసరం తగ్గుతూ వచ్చింది.

2018 వేసవిలో మా అమ్మాయి చేరిన దుకాణంలో సర్దే మనుషులు ఇంకా ఉన్నారు. బడి నుంచి పని అనుమతి పత్రం తెచ్చుకుని, ఆ శుభవార్తను ఇంట్లో ఇంగ్లీషులోనే ప్రకటించింది, తాను ‘బ్యాగర్’ అయ్యానని. అప్పుడు మా దగ్గర ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన నాన్నగారు చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేసి, “బెగ్గరేమిటే తల్లీ, నీకేం ఖర్మ!” అన్నారు. మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. అది ముష్టి కాదని, సరుకులు సంచీలో సర్దే పని అని తెలిశాక కూడా ఆయన మొహం తేటపడలేదు. రాత్రి నాతో విడిగా అన్నారు, “కొట్లో పొట్లాలు కట్టింది నేను. ఆ పని నీదాకా రాకూడదనే కదరా నిన్ను గుంటూరు పంపి చదివించాను. చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చిందేమిటి?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇక్కడి పిల్లలందరూ చేస్తారు, అనుభవం కోసం, అని ఏదో అన్నాను. అది ఆయనకు ఆనలేదు. నాలుగు రోజుల తరవాత, “నన్నొకసారి అక్కడికి తీసుకెళ్ళు, చూస్తాను” అన్నారు.

అమ్మాయికి పని నేర్పుతున్నది యాభై దాటిన ఒక పెద్దమనిషి. మాట నెమ్మది. ఒక వాక్యం పూర్తి చెయ్యడానికి ఆయనకు సమయం పడుతుంది. లెక్కలు రావు, గల్లా దగ్గర కూర్చోలేరు. కానీ ఇరవయ్యేళ్ళకు పైగా అదే దుకాణంలో సంచులు సర్దుతున్నారు. చాలామంది ఆయన ఉన్న వరుసనే వెతుక్కుని వెళ్ళి నిలబడతారని అమ్మాయి చెప్పింది. నాన్నగారు శీతలపానీయాల పెట్టె పక్కన చేతులు వెనక్కి కట్టుకుని అరగంట నిలబడి చూశారు. ఆ పెద్దమనిషి సంచీని విదిలిస్తే తుపాకీ పేలినట్టు చప్పుడైంది. అప్పటికే పట్టీ మీద వస్తున్న సరుకంతా కళ్ళతో ఒకసారి చదివేశారు. అట్టపెట్టెలు సంచీ గోడల వెంట నిలువుగా. డబ్బాలు అడుగున మధ్యలో. గాజు సీసాల మధ్య మెత్తని పొట్లం ఏదో ఒకటి. చల్లనివన్నీ ఒక సంచీలో, ఒకదాని చలి ఒకటి కాపాడేటట్టు. పచ్చి మాంసం విడిగా ప్లాస్టిక్‌లో చుట్టి, కూరగాయలకు దూరంగా. సబ్బులు తిండి సరుకుల్లో కలవకుండా. అన్నిటి పైన రొట్టె, గుడ్లు. బరువు ఒక పక్కకు ఒరగకుండా చివర సంచీని ఒకసారి రెండు చేతులా కుదిపి చూసి ఇచ్చారు.

ఇంటికి వచ్చే దారిలో నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “ఆయనకు విప్పేవాళ్ళ చేతులు కనపడుతున్నాయిరా” అన్నారు. అమ్మాయి ఉద్యోగం గురించి ఆ తరవాత ఆయన ఇంకేమీ అనలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ పనికి దేశస్థాయి పోటీ కూడా ఉంది. నేషనల్ గ్రోసర్స్ అసోసియేషన్ అనే వర్తకుల సంఘం చాలా ఏళ్ళపాటు లాస్ వేగస్‌లో జరిపింది. వేగం ఒక్కటే లెక్క కాదు. పేర్చిన పద్ధతి, సంచుల మధ్య బరువు పంపకం, వాడిన సంచుల సంఖ్య, నడవడిక, వీటన్నిటికీ మార్కులుంటాయి. నాన్నగారికి ఈ సంగతి చెబితే, “పొట్లాలకు పోటీ పెట్టుంటే నేనూ వెళ్ళేవాణ్ణే” అని మొదటిసారి నవ్వారు.

ఆ ఆదివారం అమ్మాయి రెండు ఖాళీ సంచులు తెచ్చి భోజనాల బల్ల మీద సాధన చేస్తోంది. నాన్నగారు తనకొక పాత పత్రిక ఇమ్మన్నారు. మనవరాలికి పొట్లం కట్టి చూపిద్దామని ఆయన ముచ్చట. గరాటు చుట్టడం వరకూ బాగానే ఉంది. దారం దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు వణికి, ముడి జారి, పెసలు బల్లంతా దొర్లాయి. ఆయన వాటిని ఏరుకుంటూ ఏమీ అనలేదు. అమ్మాయి మాట మార్చడానికన్నట్టు, “తాతయ్యా, ఇది విదిలించి చూడు” అని కాగితపు సంచీ చేతికిచ్చింది. ఆయన విదిలించారు. అది తెరుచుకుంది. బల్ల మీద పెట్టి చెయ్యి తీసేశారు. సంచీ నిలబడింది. ఆయన దాని చుట్టూ ఒకసారి చూసి, అడుగు మడతలు తడిమి, “పట్టుకునే మనిషి అక్కర్లేదుగా” అన్నారు. కాసేపాగి, “మీ అమ్మ సగం ఆయుష్షు సంచీ మూతులు పట్టుకోవడంలోనే పోయింది” అన్నారు. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. కొట్టు గురించి ఎన్ని కబుర్లు చెప్పినా, అందులో అమ్మ చేసిన పనిని ఆయన పనిగా చెప్పడం నేను వినడం అదే మొదలు.

మరుసటేడు ఆ దుకాణంలో నాలుగు వరుసలు తీసేసి, కొనేవారే మోగించుకుని కొనేవారే సర్దుకునే యంత్రాలు పెట్టారు. ఈ యంత్రాలు 1980ల నుంచే ఉన్నవి. వాటి సర్దుడు బల్లలో ఒక విశేషముంది. సంచీ పెట్టే పళ్ళెం నిజానికి ఒక త్రాసు. మోగించిన వస్తువు బరువెంత ఉండాలో యంత్రానికి తెలుసు; పళ్ళెంలో అంత బరువు పెరగకపోతే, లేక అంతకు మించి పెరిగితే, ఒక కంఠం మనల్ని నిలదీస్తుంది. మన సొంత సంచీ పెట్టుకోవాలంటే ముందుగా ఆ సంగతి మీట నొక్కి చెప్పాలి. అప్పుడది సంచీ బరువును మినహాయించుకుంటుంది. అంటే ధడా కడుతుంది. అదే లెక్క, అదే పళ్ళెం. కానీ నాన్నగారి ధడా కొనేవాడు మోసపోకుండా కట్టినది. ఇది కొనేవాడు మోసం చెయ్యకుండా కట్టినది.

పని నేర్పిన ఆ పెద్దమనిషిని దుకాణం బయటికి మార్చారు. వాహనాలు నిలిపే చోట జనం వదిలేసిన తోపుడుబళ్ళను పోగుచేసి, గొలుసులా కలిపి లోపలికి తోసే పని. జీతం తగ్గలేదట. అమ్మాయి అప్పటికే చదువు కోసం వేరే ఊరు వెళ్ళిపోయింది. సెలవులకు వచ్చినప్పుడు ఆయన్ని ఎండలో చూసి వచ్చి, “ఆయనకి వచ్చిన పని అది కాదు నాన్నా” అంది. ఎవరి చేతిలో ఏ విద్య ఉందో యంత్రం కొనే కాగితాల్లో రాసి ఉండదు.

ఇప్పుడు కాలిఫోర్నియాలో చట్రాలు మళ్ళీ మారాయి. 2014లో చేసిన చట్టం 2016 నవంబరులో ప్రజల ఓటుతో నిలబడి, పల్చని ప్లాస్టిక్ సంచులను దుకాణాల నుంచి తొలగించింది. కాగితపు సంచీకి కనీసం 10 సెంట్లు వసూలు చెయ్యాలి; ప్రభుత్వ ఆహార సహాయం పొందేవారికి మాత్రం ఆ రుసుము లేదు. మళ్ళీ మళ్ళీ వాడవచ్చనే పేరుతో దళసరి ప్లాస్టిక్ సంచులను మాత్రం అనుమతించారు. జనం వాటినీ ఒక్కసారి వాడి పారేశారు. అందుకని 2024 సెప్టెంబరులో ఇంకొక చట్టం చేసి, 2026 జనవరి 1 నుంచి వాటికీ సెలవిచ్చారు. గల్లా దగ్గర ఇక ఇవ్వదగినది కాగితపు సంచీయే. న్యూజెర్సీ ఇంకా ముందుకు పోయింది. 2022 మే 4 నుంచి అక్కడి పెద్ద కిరాణా దుకాణాల్లో ప్లాస్టిక్ సంచీ లేదు, కాగితపు సంచీ కూడా లేదు. అక్కడి మన తెలుగువాళ్ళు కొందరు సోనా మసూరి బియ్యం వచ్చిన, పిడి ఉన్న ఖాళీ సంచులను బండి వెనక పెట్టుకు తిరుగుతున్నారు. తెనాలి గోతాలకు దగ్గరి చుట్టాలు అవి.

కాగితం పుణ్యమనీ ప్లాస్టిక్ పాపమనీ తేల్చడం నా ఉద్దేశం కాదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, భూతాపం దృష్ట్యా పల్చని ప్లాస్టిక్ సంచీ ఒక్కసారి వాడకంతో సమానం కావాలంటే కాగితపు సంచీని 3 సార్లు, నూలు సంచీని 131 సార్లు వాడాలి. నాన్నగారి పత్రిక పొట్లం కూడా ఇప్పుడు చెల్లదు. అచ్చు సిరా తిండికి అంటుతుందని భారతదేశంలో 2018 నియమాలు ఆహారానికి పత్రికల వాడకాన్ని నిషేధించాయి. ఆ రెండు నిర్ణయాలూ సబబైనవేనని ఒప్పుకుంటాను.

నేను చెప్పదలచినది అంతకంటే చిన్న విషయం. నిలబడే సంచీ తిరిగి వచ్చింది కాబట్టి, చువ్వల చట్రాలు తీసి మళ్ళీ దిగుడు అరలు పెడుతున్న చోట, ఆ అర ముందు ఒక మనిషి నిలబడే చోటు కూడా ఉందా లేదా అన్నది ఇప్పుడు నిర్ణయమవుతుంది. మార్గరెట్ నైట్ యంత్రం సంచీ మూతి పట్టుకునే చేతులకు విశ్రాంతినిచ్చింది. ఆ విశ్రాంతి మా అమ్మదాకా రాలేదు గానీ, అటువంటి చాకిరి పోవడం మంచిదే. సర్దే చెయ్యి మాటకొస్తే అలా అనలేను. ఆ పెద్దమనిషి చేతుల్లో ఉన్నది చాకిరి కాదు, విద్య. మీట నొక్కే యంత్రం దాన్ని తగ్గించలేదు. దాన్ని మనకు అప్పగించి, మనకు అది రాదన్న సంగతి చెప్పకుండా ఊరుకుంది.

అందుకని నా వంతుగా ఒక పని అలవాటు చేసుకున్నాను. సర్దే మనిషి ఉన్న వరుసలోనే నిలబడతాను. పట్టీ మీద సరుకు పెట్టేటప్పుడు బరువైనవి ముందు, చల్లనివి ఒక గుంపుగా, సబ్బులు విడిగా, రొట్టె, గుడ్లు అన్నిటి కంటే చివర. అవతలివారికి పని తేలికవుతుంది, సంచీ కుదురుగా నిలబడుతుంది. ఇందులో ఖర్చేమీ లేదు.

చివరగా మాటల సంగతి. ‘బ్యాగర్’ అనే మాట మా ఇంట్లో చేసిన అలజడి తరవాత, కుమ్మరి, కమ్మరి వరుసలో ‘సర్దరి’ అంటే ఎలా ఉంటుందని నాన్నగారిని అడిగాను. సర్దారులా ఉంది, బాగుందన్నారు. మీరేమంటారో మరి. ఇంకొకటి కూడా మీవల్ల తెలుసుకోవాలని ఉంది. పురికొసను కత్తెర లేకుండా వేలికి చుట్టి తెంపే ఆ ఒడుపుకు మా తెనాలి వైపు పేరేదీ వినలేదు. మీ వైపు కొట్లలో దానికొక మాట ఉండి ఉంటే తప్పక చెప్పండి. నాన్నగారికి ఫోనులో వినిపిస్తాను.